"వివరింపదగున్" అంటే ఎవరికి వివరించమని?

ఉదయగిరి తమ్ముడు పొద్దున పెట్టిన ప్రశ్నకు కాస్త పెద్ద జవాబే రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి. సుమతీ శతకంలోని ఈ పద్యం అందరికీ నోటికి వచ్చిందే.

వినదగు నెవ్వరు చెప్పిన
వినినంతనె వేగపడక వివరింపదగున్
కని కల్ల నిజము దెలిసిన
మనుజుడె పో నీతిపరుడు మహిలో సుమతీ

"ఎవరు చెప్పినా వినమన్నాడు, సరే. తొందరపడకుండా వివరించమన్నాడు. ఎవరికి వివరించాలి?" అని తమ్ముడి సందేహం.

ఎవరికీ కాదు. ఇవాళ వివరించడం అంటే ఎదుటివాళ్లకు అర్థమయ్యేలా చెప్పడం. ఈ పద్యంలో ఆ మాటకు విడమర్చి చూసుకోవడం, విచారించుకోవడం అని అర్థం. సంస్కృతంలో వృ ధాతువుకు వి అనే ఉపసర్గ చేరితే తెరవడం, కప్పి ఉన్నదాన్ని బయటపెట్టడం అని. ముందు తెరిచి చూసుకోవాలి, ఆ తర్వాతే ఇంకొకరికి చెప్పడం. మన వాడుకలో ఆ రెండోదే మిగిలిపోయింది. అందుకే బళ్లో పిల్లలకు ఈ పాదం దగ్గర తికమక.

పద్యంలో నాకు బాగా నచ్చేది చివరి పాదం. కల్ల ఏదో నిజం ఏదో తెలుసుకున్నవాణ్ణి కవి తెలివైనవాడు అనలేదు, నీతిపరుడు అన్నాడు. "మనుజుడె పో" అని ఒత్తి మరీ చెప్పాడు. మోసపోకుండా ఉండడం తెలివి. అది మన సొంత లాభం. నీతి అంటే పక్కవాడి సంగతి కూడా అందులో ఉన్నట్టే కదా? విన్న మాట సరిచూడకుండా నేను ఒక పని చేస్తే దెబ్బ తగిలేది నాకొక్కడికే కాదు. 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో పుకార్లు వచ్చాయి, గుర్తుందా? మన తెలుగు జిల్లాల్లో కూడా ఏ పాపం ఎరగని బాటసారుల్ని పట్టుకుని కొట్టారు. దేశంలో కొన్నిచోట్ల ప్రాణాలు పోయాయి. ఆ మెసేజ్ పంపినవాళ్లలో ఎక్కువమంది చెడ్డవాళ్లేం కాదు, పిల్లలకు ఏమవుతుందోనని టెన్షన్ పడ్డవాళ్లే. ఆ జులైలోనే వాట్సాప్ మన దేశంలో ఒక మెసేజ్‌ని ఒకేసారి ఐదు చాట్లకు మించి పంపకుండా కట్టడి పెట్టింది. ఆ అడ్డు మన వేలికి మనమే వేసుకోవాలంటున్నాడు కవి.

కింద కామెంట్లో ఒంగోలు అక్క "అనుమానం పెనుభూతం అన్నారు కదా, మరి అన్నిటినీ అనుమానించమంటే ఎట్టా?" అన్నారు. అక్కా, పద్యం అనుమానించమనలేదు. మొదటి మాటే "వినదగున్". వినకుండానే "అదంతా ఉత్తదే" అనేవాడూ ఈ పద్యానికి దూరమే. ఇక అనుమానం అన్న మాట సంగతి. తర్కశాస్త్రంలో అనుమానం అంటే పొగను చూసి అక్కడ నిప్పు ఉందని తెలుసుకోవడం. అది జ్ఞానానికి ఒక దారి. మనుషుల మీద గుడ్డిగా పెంచుకునే శంకకు ఆ పేరు మన వాడుకలో వచ్చింది. న్యాయసూత్రాలు అనే పాత తర్కగ్రంథంలోని పదహారు పదార్థాల్లో, అంటే తెలుసుకోవాల్సిన విషయాల్లో, సంశయం మూడోది, నిర్ణయం తొమ్మిదోది. సంశయానికీ నిర్ణయానికీ మధ్య దృష్టాంతం, తర్కం లాంటి మెట్లు ఎన్నో ఉన్నాయి. పెనుభూతం అయ్యేది ఆ మెట్లు ఎక్కకుండా మొదట్లోనే ఆగిపోయిన సంశయం.

విడవలూరు దగ్గర మా మామ రొయ్యల గుంట గట్టు మీద ఒకసారి విన్న మాట చెబుతాను. ఒకాయన పొడి డబ్బా తెచ్చి, అది చల్లితే రొయ్యలకు వచ్చే వైట్ స్పాట్ (తెల్లమచ్చల) జబ్బు దరికి రాదని చెప్పి, ఫోన్లో గుంటల ఫోటోలు చూపిస్తున్నాడు. మామ మొత్తం విన్నాడు. ఫోటోలు కూడా ఒక్కొక్కటే చూశాడు. చూసి, "నీ మందు ఏసిన గుంటలు చూపించినావు, బాగానే ఉండాయి. ఆటి పక్కనే మందు ఎయ్యని గుంటలు ఏమైనాయి నాయనా?" అన్నాడు. వచ్చినాయన "కనుక్కుని చెప్తానన్నా" అని డబ్బా సంచిలో పెట్టుకున్నాడు. వైట్ స్పాట్ వైరస్ వల్ల వచ్చేది, సోకిన గుంటకు నయం చేసే మందు లేదు. అందుకే తెలిసిన రైతులు సీడ్‌ని, అంటే రొయ్య పిల్లల్ని, గుంటలో దింపేముందే వాటిలో వైరస్ ఉందేమో చూసే పీసీఆర్ టెస్టు చేయిస్తారు. ఆ రోజు మామ ఈ సంగతులేవీ ఎత్తలేదు. ఎయ్యని గుంట సంగతి ఒక్కటే అడిగాడు. చదువుకున్నవాళ్లు మందుల పరీక్షల్లో మందు ఇచ్చినవాళ్లనూ ఇవ్వనివాళ్లనూ పక్కపక్కన పెట్టి చూసేది ఇందుకే.

మన నెల్లూరు జిల్లాలో అందరికీ తెలిసిన ఇంకో సంగతి. 2021 మేలో ముత్తుకూరు మండలం కృష్ణపట్నంలో ఆనందయ్య అనే ఆయన కోవిడ్‌కని ఇచ్చే నాటు మందు కోసం వేలమంది వచ్చారు. ఆ రోజుల్లో ఆక్సిజన్ దొరక్క, బెడ్ దొరక్క జనం పడిన బాధ తలుచుకుంటే అక్కడికి పరుగెత్తినవాళ్లను ఒక్క మాట అనడానికి నాకు మనసు రాదు. "మా వాడికి తగ్గింది" అన్నవాళ్లూ అబద్ధం చెప్పలేదు. కానీ కోవిడ్ వచ్చినవాళ్లలో చాలామందికి ఏ మందూ లేకుండానే తగ్గింది. కాబట్టి తగ్గడం నిజమే అయినా మందు వల్లే తగ్గిందా అన్నది వేరే ప్రశ్న. అప్పుడు ప్రభుత్వంవాళ్లు పంపిణీ ఆపి పరిశీలన చేయించారు. కోవిడ్‌కు పనిచేస్తుందనడానికి రుజువు లేదు, నోటి ద్వారా తీసుకునేవాటితో హాని కనిపించలేదు అన్నారు. నెలాఖరులో వాటిలో చాలావాటికి అనుమతి ఇచ్చి, కంట్లో వేసే చుక్కల్ని ఆపారు. అంతా మంచిదనీ అనలేదు, అంతా మోసమనీ అనలేదు. తమ్ముడూ, నువ్వడిగిన "వివరింపదగున్"కు ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ నాకు తోచడంలేదు. కలిసి ఉన్నదాన్ని విడదీసి, దేనికి దానికి జవాబు చెప్పడమే అది.

ఇక సామెత. ఎద్దు ఈనిందంటే గాట కట్టెయ్యమన్నాడట. గాడి అంటే పశువుకు మేత వేసే చోటు, గాట అంటే ఆ గాడి దగ్గర. ఒంగోలు గిత్తల సీమలో ఈ మాట అంటే పసిపిల్లలకు కూడా నవ్వొస్తుంది. గమనించండి, సామెత ఎత్తిపొడిచేది ఎద్దు ఈనిందని చెప్పినవాణ్ణి కాదు, విన్న వెంటనే పని పురమాయించినవాణ్ణి. పద్యంలోని "వినినంతనె వేగపడక"కు సరిగ్గా ఎదురు నిలబడ్డ మనిషి వాడే. సుమతీ శతకం చదవనివాళ్లకు కూడా ఆ నీతి ఈ సామెత రూపంలో అందింది.

పద్యంలో "కని" అన్న మాటను కూడా వదలకండి. కను, కొను కలిసిందే మనం రోజూ అనే "కనుక్కో". చెవిన పడినదాన్ని కంటితో చూసి సొంతం చేసుకోవడం. పెళ్లి సంబంధం వచ్చినా, చిట్టీ వెయ్యమన్నా, పొలం బేరానికి వచ్చినా మన ఇళ్లల్లో పెద్దవాళ్లు ముందు అనే మాట "దేనికైనా మంచిది, ఒకమాట కనుక్కోండి" అనే కదా.

కనిగిరి, పొదిలి వైపు సభ్యులు ఎవరైనా ఉంటే చెప్పండి: మీ దగ్గర సామెతలో "గాట" అంటారా, "కొట్టంలో" అంటారా? "దూడను" అన్న మాట కూడా కలుపుతారా?