ఐరన్ తగ్గడానికి ఐపీ6 క్యాప్సూల్స్ పిల్లలకు ఎవరైనా వాడారా?

మా బాబుకి తొమ్మిదేళ్లు, థలసీమియా మేజర్ (ఒంట్లో రక్తం సరిగా తయారవని పుట్టుకతో వచ్చే జబ్బు). మూడు వారాలకోసారి రక్తం ఎక్కిస్తున్నాం. మొన్న ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే రక్తపరీక్ష) 2,800 వచ్చింది, అప్పటి నుంచి ఒకటే టెన్షన్. ఒంట్లో ఎక్కువైన ఐరన్‌ని బయటికి పంపే డెఫెరాసిరాక్స్ మాత్ర రోజూ నీళ్లలో కలిపి పరగడుపున తాగిస్తున్నాం (అదో పెద్ద యుద్ధం).

ఇప్పుడు మా ఆడపడుచు అమెరికా నుంచి ఐపీ6 క్యాప్సూల్స్ పంపుతానంటోంది. తవుడులో ఉండే ఫైటిక్ ఆమ్లమేనట. కానీ అది పేగుల్లో, తిండిలోని ఐరన్‌నే కదా పట్టుకునేది? ఒక్కో యూనిట్ రక్తంతో నేరుగా ఒంట్లో చేరే 200 మిల్లీగ్రాముల పైచిలుకు ఐరన్‌ని ఏం చేస్తుంది? పైగా జింక్ కూడా పోతుందేమోనని భయం.

మీ పిల్లలకు ఇచ్చారా? ఫెరిటిన్ నిజంగా తగ్గిందా? మాత్రతో పాటు ఇవ్వొచ్చని మీ డాక్టరు గారు చెప్పారా? మేం వచ్చే వారం అడుగుతాం. ఈలోగా మాత్రైతే ఆపం.