ప్రాపగాండాకి ‘ప్రచారం’ సరిపోతుందా?

ప్రాపగాండా అనే ఇంగ్లీషు మాటకి తెలుగులో ఏమనాలని ఇక్కడ చర్చ నడుస్తోంది కదా. చెన్నై పెరంబూరులో ఆదివారాలు మేం కొందరం పిల్లలకి తెలుగు చెబుతుంటాం. మొన్న, జంతువులు యజమానిని తరిమేసి పొలాన్ని తామే నడుపుకునే ఆర్వెల్ నవల ‘యానిమల్ ఫామ్’ (1945) కథ చెబుతూ, ‘స్క్వీలర్ అనే పంది, పొలాన్ని ఏలే నెపోలియన్ అనే పంది తరఫున ప్రచారం చేసేది’ అన్నాను. ఎనిమిదో తరగతి పిల్ల వెంటనే అడిగింది: ‘ఆంటీ, పోలియో చుక్కలకి చేసేదీ ప్రచారమే కదా, అందులో తప్పేముంది?’

తను అడిగింది న్యాయమే. మంచికీ చెడుకీ మనకి అదొక్కటే మాట. తమిళంలోనూ అంతే, ఓట్లప్పుడు మా వీధిలో మైకు కట్టుకు తిరిగే ఆటో చేసేదీ ‘పిరచారమే’. పోనీ దుష్ప్రచారం అందామంటే, అది ఎవరి మీదో బురద చల్లడం వరకే. స్క్వీలర్ అక్కడితో ఆగదు. తిండి పెరిగిందని అంకెలు చదువుతుంది. జంతువులన్నీ పాటించాలని గోడ మీద రాసిన ఆజ్ఞలు మారిపోతే, మీకే సరిగా గుర్తులేదని నమ్మిస్తుంది.

ప్రాపగాండాకి ‘కొండెం’ బాగుంటుందని ఈ చర్చలో ఒకరు రాశారు. మద్రాసులో తెలుగు పాఠాలు చెప్పిన చిన్నయసూరి 1853లో తెచ్చిన నీతిచంద్రికలో, మిత్రభేదం కథలో దమనకుడనే నక్క చేసేది అచ్చంగా అదే. సింహం చెవిలో ఒకటి, ఎద్దు చెవిలో ఒకటి వేస్తాడు. ఆ అనుమానంతో ఎదురుపడేసరికి ఒకదాని వాలకం ఒకదానికి సాక్ష్యమైపోతుంది, ఎద్దు చస్తుంది. చిన్నప్పుడు చదివినా ఆ ఘట్టం ఇప్పటికీ నాకు భయమే. కానీ కొండెం చాటున చెప్పేది. స్క్వీలర్ అందరి ముందూ చెబుతుంది, పక్కన మూడు కుక్కలు గుర్రుమంటుంటే. ఇంకేమీ అడగకుండా జంతువులు తలూపేస్తాయి.

రెండ్రోజులు ఆలోచిస్తే నాకు తట్టిన మాట ‘నూరిపోయడం’. మా అమ్మమ్మ సానరాయి మీద వసకొమ్ము అరగదీసి, పాలలో కలిపి, చంటిపిల్లని చాపిన కాళ్ల మీద పడుకోబెట్టుకునేది. రెండు బుల్లి చేతులూ ఒక్క చేత్తో పట్టుకుని, ఉగ్గుగిన్నె నోట్లో పెట్టి, గుటక పడేదాకా వదిలేది కాదు. అమ్మమ్మది ప్రేమే. అయినా నూరడం, పోయడం, కదలకుండా పట్టుకోవడం అన్నీ ఆ మాటలో ఉన్నాయి. కథలో నూరేది స్క్వీలర్, చేతులు పట్టుకునేవి కుక్కలు. ఆ కుక్కల్ని కూడా కూనలప్పుడే తల్లుల దగ్గర్నుంచి తీసుకెళ్లి అలా పెంచిందే నెపోలియన్.

చిక్కల్లా నామవాచకంతోనే. ‘నూరిపోత’ అంటే చెవికి కొత్తగా ఉంది. క్రియగా అయితే ఏ ఇబ్బందీ లేదు, వచ్చే ఆదివారం ‘స్క్వీలర్ జంతువులకి నూరిపోసేది’ అనే చెబుతాను. మీ ఊళ్లలో ‘నూరిపోత’ ఎవరైనా అనగా విన్నారా? వింటే ఏ సందర్భంలోనో కూడా రాయండి.