అప్‌డేట్: హాలీవుడ్ నటి ఒలీవియా డి హావిలాండ్ కెరీర్‌లో ఆ గ్యాప్ ఎందుకంటే

1943 తర్వాత ఒలీవియా దాదాపు రెండేళ్లు షూటింగులకు ఎందుకు దూరమయ్యారని మొన్న అడిగాను. పెళ్లో, అనారోగ్యమో అనుకున్నాను. కాదు, కోర్టు కేసు!

వార్నర్ బ్రదర్స్ స్టూడియోతో ఆమెది ఏడేళ్ల కాంట్రాక్టు. నచ్చని పాత్ర వద్దంటే సస్పెండ్ చేసేవారు, ఆ రోజులన్నీ గడువుకు కలిపేసేవారు. అంటే ఏడేళ్లయినా విడుదల లేదు. కాలిఫోర్నియా చట్టం ప్రకారం ఏడేళ్లంటే క్యాలెండర్ ఏడేళ్లేనని ఆమె వాదించారు. 1944 డిసెంబరులో అప్పీలు కోర్టు కూడా ఆమె పక్షానే తీర్పిచ్చింది. ఈలోగా వేరే స్టూడియోలు ఆమెను తీసుకోకుండా వార్నర్ అడ్డుపడింది. ఎంత ధైర్యం కావాలి! ఆమె రెండు ఆస్కార్లూ ఆ తర్వాతివే: 1946, 1949 సినిమాలకు. ఆ తీర్పును ఇప్పటికీ ఆమె పేరుతోనే పిలుస్తారు.

జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్.