సెకండ్ హ్యాండ్ బైక్ మీద రీకాల్ పెండింగ్ ఉందో లేదో ఎలా తేల్చుకోవాలి?

గేర్‌పెడల్
2021లో తయారైన 350 సీసీ బండి ఒకటి బేరంలో ఉంది. ఓనరు "అన్నీ షోరూంలోనే చేయించాను, రీకాల్‌లాంటివేమీ లేవు" అంటున్నారు. లోపమున్న బళ్లను కంపెనీ వెనక్కి పిలిచి ఉచితంగా బాగుచేయడమే కదా రీకాల్, అలాంటిదేమైనా దీని మీద మిగిలి ఉందేమో డబ్బు ఇవ్వకముందే తేల్చుకోవాలి. ఓనరు వాట్సాప్‌లో పంపిన ఛాసిస్ నంబరు (బండి ఫ్రేము మీద ఉండే గుర్తింపు నంబరు) కంపెనీ సైట్‌లో కొడితే "ఈ నంబరు దొరకలేదు" అని వస్తోంది. అంటే రీకాల్ లేనట్టేనా?

స్పానర్14
కాదండీ. "దొరకలేదు" వేరు, "పెండింగ్ ఏమీ లేదు" వేరు. దొరకలేదంటే ముందుగా నంబరునే అనుమానించాలి.

ఛాసిస్ నంబరులో అక్షరాలూ అంకెలూ కలిపి 17 ఉండాలి, ఒకటి తగ్గినా సైట్ తీసుకోదు. 1, 0తో పొరబడకుండా ఐ, ఓ, క్యూ అనే ఇంగ్లిష్ అక్షరాలను అసలు వాడరు. మెసేజ్‌లో ఓ కనిపించిందంటే అది సున్నాయే. బి-8, ఎస్-5, జెడ్-2 కూడా తరచుగా తారుమారవుతుంటాయి. మొదటి మూడు చూస్తే కంపెనీ తెలుస్తుంది: ఎంఈ3 అంటే రాయల్ ఎన్‌ఫీల్డ్, ఎండీ2 అంటే బజాజ్. అవే తేడాగా ఉంటే టైపింగ్ తప్పయినా అయ్యుండాలి, లేదా మీరు వేరే కంపెనీ సైట్‌లో వెతుకుతూ ఉండాలి.

ఇన్సూరెన్స్ కాగితం మీది నంబరు నమ్మకండి, బండి మీదే చూడండి. చాలా బైకులకు హ్యాండిల్ కింద స్టీరింగ్ హెడ్ పైపుకి కుడి పక్కన పంచ్ చేసి ఉంటుంది. హ్యాండిల్ పూర్తిగా ఎడమకి తిప్పి, అడ్డొచ్చే వైర్లు జరిపితే కనిపిస్తుంది. గ్రీజు, మట్టి ఉంటే గుడ్డతో తుడవండి. వైర్ బ్రష్ మాత్రం వద్దు, పెయింట్ లేచిపోయి అక్కడే తుప్పు మొదలవుతుంది. పల్చటి కాగితం అదిమిపట్టి పెన్సిల్ మొనని పడుకోబెట్టి రుద్దితే అచ్చు దిగుతుంది. దాన్ని ఆర్సీతో ఒక్కో అక్షరమే పోల్చండి. పంచ్ మీద సానపట్టిన గీతలుంటే, లేదా రెండు నంబర్లూ కలవకపోతే, రీకాల్ సంగతి పక్కన పెట్టి ఆ బేరమే వదిలేయండి.

చైన్‌లూబ్
పై మాటకి చేర్పు. సరైన నంబరు కొట్టాక "ఏమీ లేదు" అని వచ్చినా దానికి మూడు అర్థాలుంటాయి: ఆ బండి రీకాల్‌లో లేదు, ఉన్నా పని పూర్తయింది, లేదా రీకాల్ కొత్తగా ప్రకటించారు గానీ ఈ నంబరు ఇంకా సిస్టంలోకి ఎక్కలేదు. ఈ మూడింటిలో ఏది అన్నది సైట్ చెప్పదు.

సైట్లు కూడా ఒకలా ఉండవు. అమెరికాలో రోడ్డు భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైట్‌లో నంబరు కొడితే చేయించకుండా మిగిలిన రీకాల్‌లే కనిపిస్తాయి. పూర్తయినవి చూపదు, 15 ఏళ్లు దాటినవి కూడా కనిపించకపోవచ్చు. ఇండియాలో వాహన తయారీదారుల సంఘం సియామ్ 2012 నుంచి నడుపుతున్న స్వచ్ఛంద రీకాల్ జాబితాలో మోడల్, తయారీ కాలం తెలుస్తాయి గానీ, మీ బండి సంగతి తేలాలంటే మళ్లీ కంపెనీ దగ్గరికే వెళ్లాలి.

రిజిస్ట్రేషన్ తేదీ చూసి లెక్క వేయొద్దు, రీకాల్ వర్తించేది తయారైన తేదీని బట్టి. రాయల్ ఎన్‌ఫీల్డ్ 2021 మేలో ఇగ్నిషన్ కాయిల్ (స్పార్క్ ప్లగ్‌కి కరెంటు ఇచ్చే పార్టు) షార్ట్ అయ్యే లోపంతో మీటియర్, క్లాసిక్, బుల్లెట్ బళ్లు 2,36,966 వెనక్కి పిలిచింది. అవన్నీ 2020 డిసెంబరు నుంచి 2021 ఏప్రిల్ మధ్య తయారైనవి. అదే ఏడాది డిసెంబరులో క్లాసిక్ 350 మీద ఇంకోటి వచ్చింది, వెనక బ్రేక్ రియాక్షన్ బ్రాకెట్ గురించి. అది సెప్టెంబరు 1 - డిసెంబరు 5 మధ్య తయారైన, వెనక డ్రమ్ బ్రేక్, సింగిల్ ఛానెల్ ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రం బిగుసుకోకుండా చూసేది, ఒక్క చక్రానికే) ఉన్న వాటికే. మోడల్ ఒకటే, ఏడాది ఒకటే, పక్క వేరియంట్‌కి వర్తించదు. మీది 2021 బండి అంటున్నారు కాబట్టి ఆర్సీలో తయారీ నెల తప్పకుండా చూడండి.

తర్వాత ఆథరైజ్డ్ సర్వీస్ సెంటర్‌లో నంబరిచ్చి రెండు ప్రశ్నలు విడివిడిగా అడగండి: రీకాల్ ఓపెన్‌లో ఉందా, సర్వీస్ క్యాంపెయిన్ (రీకాల్ అని ప్రకటించకుండా కంపెనీ చేసే రిపేరు) ఓపెన్‌లో ఉందా. రెండోది పబ్లిక్ సైట్‌లో చాలాసార్లు కనిపించదు. పని అయిపోయిందంటే జాబ్ కార్డు (చేసిన పని రాసే సర్వీస్ కాగితం) చూపించమనండి. తేదీ, కిలోమీటర్లు, మార్చిన పార్టు నంబరు ఉండాలి. "జనరల్ చెకప్" అని మాత్రమే రాసుంటే దానికి విలువ లేదు.

ఫ్యూజ్‌బాక్స్
ఎవరూ చూడనిది ఒకటుంది. సిస్టంలో క్లోజ్ అయ్యేది ఛాసిస్ నంబరు మీద. లోపం ఉండేది పార్టులో. కొత్త కాయిల్ వేశాక బండి ఎక్కడైనా పడి, స్క్రాప్ నుంచి తెచ్చిన పాత లాటు కాయిల్ వేశారనుకోండి, సైట్‌లో అంతా శుభ్రంగానే ఉంటుంది. బ్రేక్ మాస్టర్ సిలిండర్, ఏబీఎస్ యూనిట్, ఫ్యూయల్ పంపు, రెక్టిఫయర్, అన్నిటిదీ ఇదే కథ. యాక్సిడెంట్ బండి అని అనుమానం ఉంటే సీటు, ట్యాంకు విప్పించి పార్టు మీది నంబరు సర్వీస్ సెంటర్‌లో సరిచూడాలి. ఇంజిన్ నంబరు కూడా ఆర్సీతో కలవాలి, ఇంజినే మారిస్తే దాని రీకాల్ పాత ఛాసిస్ దగ్గరే ఉండిపోతుంది.

టైర్ల రీకాల్ కూడా బండి నంబరులో రాదు. టైరు పక్క గోడ మీద డీఓటీ అని మొదలయ్యే కోడ్ ఉంటే చివరి నాలుగంకెలు తయారైన వారం, సంవత్సరం: 2321 అంటే 2021లో 23వ వారం. పూర్తి కోడ్‌ని టైరు కంపెనీ దగ్గర అడగాలి.

గేర్‌పెడల్
పెన్సిల్ అచ్చు తీశాను. ఎనిమిదో స్థానంలో బి బదులు 8 కొట్టి పంపారు. సరిచేస్తే ఒక రీకాల్ పెండింగ్ అని వచ్చింది. ఇలాంటి బండి కొనొచ్చా?

చైన్‌లూబ్
కొనొచ్చండీ, అది ఏ రీకాలో చూసుకుని. స్టిక్కర్, రిఫ్లెక్టర్ లాంటిదైతే ఆందోళన అక్కర్లేదు. బ్రేకు, పెట్రోలు లీకు, చక్రం, నడుస్తుండగా ఇంజిన్ ఆగిపోవడం లాంటిదైతే పని అయ్యేదాకా నడపొద్దు, సర్వీస్ సెంటర్‌కి వ్యాన్‌లో ఎక్కించండి.

ఓనరు చేతిలో ఉండగానే అపాయింట్‌మెంట్ పెట్టించడం మేలు. రీకాల్ పనికి డబ్బు తీసుకోరు. ఎన్నో ఓనరైనా, వారంటీ అయిపోయినా మామూలుగా అడ్డు ఉండదు, కానీ చాలా పాత బండికి గడువు ఉండొచ్చు కాబట్టి అడగండి. వెళ్లే ముందు పార్టు స్టాక్‌లో ఉందో లేదో ఫోన్‌లో కనుక్కోండి, రీకాల్ ప్రకటించిన కొత్తల్లో పార్టు రాక వారాలు ఆగాల్సి వస్తుంది. రిపేరు చేసే చోట క్రాష్ గార్డు గానీ, కోసి కలిపిన వైరింగ్ గానీ ఉంటే ముందే తీయించాలి, లేకపోతే వెనక్కి పంపుతారు. పని అయ్యాక పార్టు నంబరున్న జాబ్ కార్డు అడిగి తీసుకోండి, బండి మీ పేరుకి మారగానే కంపెనీ రికార్డులో మీ ఫోన్ నంబరు ఎక్కించమనండి. తర్వాత రీకాల్ ఏదొచ్చినా కబురు పాత ఓనరుకి పోకుండా ఉంటుంది.