డిస్క్‌లో సగం ఖాళీ, అయినా సర్వర్ చోటు లేదంటోంది. ఎవరైనా సాయం చేయగలరా?

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మా బాబాయి హోల్‌సేల్ కిరాణా కొట్టులో బిల్లింగ్ అంతా ఉబుంటు 22.04 (లినక్స్) వేసిన పాత డెస్క్‌టాప్ మీదే. నిన్న సాయంత్రం నుంచి ఏ బిల్లు కొట్టినా "నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్" అంటోంది. పాతపట్నం నుంచి సరుక్కొచ్చిన వాళ్లకి చిత్తు కాగితాల మీద రాసిస్తున్నాం.

'డీఎఫ్ -హెచ్' కొడితే సగానికి పైనే ఖాళీ. లాగ్‌లు పెద్దవేం కావు. చెరిపేసినా ఏదైనా ప్రాసెస్ పట్టుక్కూర్చున్న ఫైళ్లున్నాయేమోనని 'ఎల్‌ఎస్‌ఓఎఫ్ +ఎల్1' కూడా చూశా, లేవు. చివరికి 'డీఎఫ్ -ఐ'లో దొరికింది: రూట్ పార్టిషన్‌లో ఐనోడ్లు (ఒక్కో ఫైలుకీ ఒకటి చొప్పున పట్టే నమోదులు) 100 శాతం నిండిపోయాయి. గోదాంలో చోటుంది, సరుకు రాసుకునే చిట్టాలోనే పేజీలైపోయాయి అన్నమాట.

బిల్లింగ్ ప్రోగ్రామ్ ఫోల్డర్‌లో పీహెచ్‌పీ సెషన్ ఫైళ్లు (లాగిన్ వివరాలు గుర్తుంచుకోడానికి ప్రోగ్రామ్ రాసుకునే చిన్న ఫైళ్లు) లక్షల్లో ఉన్నాయి. పాతవాటిని ఊడ్చే ఉబుంటు టైమర్ నడుస్తూనే ఉంది. ప్రోగ్రామ్ రాసినవాళ్లు సెషన్ల దారిని కోడ్‌లోనే మార్చేయడంతో ఈ ఫోల్డర్ దాని కంటపడట్లేదని నా అనుమానం. 'ఆర్‌ఎం *' అంటే "ఆర్గ్యుమెంట్ లిస్ట్ టూ లాంగ్" అని మొరాయిస్తోంది.

'ఫైండ్'కి '-ఎంమిన్ +1440 -డిలీట్' (అంటే రోజు దాటినవి చెరిపెయ్యమని) తగిలించి, కౌంటర్ నడుస్తుండగానే కొట్టొచ్చా? అపాచీ (వెబ్ సర్వర్) ఆపాలా? ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌లో ఐనోడ్ల లెక్క ఫార్మాట్ చేసేటప్పుడే ఖరారవుతుంది కాబట్టి, ఆ ఫోల్డర్‌ని టీఎంపీఎఫ్‌ఎస్‌లోకి (ర్యామ్‌లో ఉండే తాత్కాలిక చోటు) మార్చడం మేలా, వేళకి తనంతట తానే ఊడ్చేలా క్రాన్ పెడితే చాలా?

డేటాబేస్ బ్యాకప్ పెన్‌డ్రైవ్‌లో ఉంది. "మొత్తం ఫార్మాట్ కొట్టెయ్" అని మాత్రం అనకండి, ఆ సలహా మా వీధి రిపేరు షాపులో ఊరికే ఇస్తారు.