రిపోర్టరే ఎక్సెల్ పట్టుకోవాలా, డేటా టీమ్‌కి వదిలేయాలా?

పాతడెస్క్:
డేటా టీమ్ ఉండగా రిపోర్టర్లందరికీ ఈ తలనొప్పి ఎందుకండీ? 2020లో ఇంగ్లండ్ ప్రజారోగ్య విభాగం ఎక్సెల్ పాత ఫార్మాట్ అయిన ఎక్స్‌ఎల్‌ఎస్ ఫైళ్లు వాడింది. ఆ ఫార్మాట్‌లో 65,536 వరుసలకు మించి పట్టవు. దాంతో 15,841 కోవిడ్ కేసులు రోజువారీ లెక్కల్లోకి రాలేదు. వాళ్లకే అలా జరిగితే డెడ్‌లైన్ టెన్షన్‌లో ఉన్న రిపోర్టర్ సంగతేంటి?

పివట్‌ప్రియుడు:
ఆ ఉదాహరణ నావైపే మాట్లాడుతోంది సార్. చేతికొచ్చిన షీట్ సరిగ్గా 65,536 దగ్గర ఆగిపోయిందంటే, మిగతాది ఏమైందని అడగాలని తట్టేది ఎక్సెల్ తెలిసినవాడికే. పైగా డేటా టీమ్‌కైనా ఏం వెతకాలో చెప్పాల్సింది బీట్ (తను రోజూ వార్తలు రాసే రంగం) తెలిసిన మనిషి. 1988లో అట్లాంటా పత్రికలో బిల్ డెడ్‌మన్ గృహరుణాల రికార్డులతో వరుస కథనాలు రాశారు. ఆదాయం ఒకేలా ఉన్నా తెల్లవాళ్ల పేటలకు దొరికినట్టు నల్లవాళ్ల పేటలకు అప్పులు దొరకడం లేదని తేలింది. మరుసటి ఏడాది జర్నలిజంలో పెద్ద అవార్డు పులిట్జర్ వచ్చింది. పేటల్ని పక్కపక్కన పెట్టి చూడాలన్న ఆలోచన ఏ ఫార్ములా ఇస్తుంది?

సబ్బుగారు (సబ్ ఎడిటర్‌ని లెండి):
నాకు భయం పెద్ద తప్పులంటే కాదు, చిన్నవంటే. సెల్‌లో అంకె ఎడమవైపుకి అతుక్కుని ఉంటే అది చాలాసార్లు అంకె కాదు, టెక్స్ట్. సమ్ (కూడిక ఫార్ములా) కొడితే దాన్ని చడీచప్పుడు లేకుండా వదిలేస్తుంది, ఎర్రర్ కూడా చూపించదు. సగటులోనూ అంతే: ఖాళీ సెల్‌ని పక్కన పెడుతుంది, సున్నాని మాత్రం కలుపుతుంది. వివరాలు పంపని ఆఫీసుకి ఎవరో సున్నా వేసేస్తే సగటు పడిపోతుంది, ‘తగ్గిన కేసులు’ అని హెడ్డింగ్ పడుతుంది! ఇక 4 శాతం నుంచి 6 శాతానికి పెరిగితే ‘2 శాతం పెరుగుదల’ అని రాసేవాళ్లకి చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టింది. అది 2 శాతం పాయింట్లు, అంటే 50 శాతం పెరుగుదల.

పాతడెస్క్:
నేను మొత్తుకునేదీ అదే. సరే, సార్ట్, ఫిల్టర్, పివట్ (వరుసల్ని గుంపులు చేసి మొత్తాలు చూపే పట్టిక) దాకా ఒప్పుకుంటా. కానీ అచ్చుకి వెళ్లే అంకెని, మొదటివాడి జవాబు చూడకుండా, రెండోవాడు ఒరిజినల్ ఫైల్ నుంచి మళ్లీ లెక్క కట్టాలి.

పివట్‌ప్రియుడు:
కట్టనివ్వండి. ఆ అంకె ఎందుకు అలా ఉందో సంబంధిత అధికారికి ఫోన్ చేసి అడిగే పని మాత్రం నాకే వదలండి.