విదేశీ హోటల్‌లో హోల్డ్ పెట్టిన కార్డుతోనే బిల్లు కట్టాలా?

హన్మకొండ నుంచి, విశ్రాంత ఉపాధ్యాయుడు:

సభ్యులందరికీ నమస్కారం. సింగపూర్‌లో ఉద్యోగం చేస్తున్న మా బిడ్డను చూడటానికి నేనూ మా ఇంటావిడా వచ్చే నెల వెళ్తున్నాం. ఆమె మరో ఇద్దరితో కలిసి చిన్న ఫ్లాట్‌లో ఉంటున్నందున మేము హోటల్‌లో దిగి, అక్కడి నుంచి కౌలాలంపూర్ కూడా చూసి రావాలనుకున్నాం. కౌలాలంపూర్ గది అద్దె ముందే కట్టేశాం, సింగపూర్ అద్దె సుమారు అరవై వేలు అక్కడే కట్టాలి. దిగేటప్పుడే కార్డు అడిగి, అద్దెకు మరికొంత కలిపి హోల్డ్ చేస్తారని, అంటే ఆ మొత్తాన్ని కార్డులో తాత్కాలికంగా ఆపి ఉంచుతారని విన్నాను. నా దగ్గర పెన్షన్ ఖాతా డెబిట్ కార్డు, లక్ష రూపాయల లిమిట్ ఉన్న క్రెడిట్ కార్డు ఉన్నాయి, విదేశీ కరెన్సీని ముందే నింపుకునే ఫారెక్స్ కార్డు తీసుకోబోతున్నాను. హోల్డ్ పెట్టిన కార్డుతోనే బిల్లు కట్టాలని కొందరు, క్రెడిట్ కార్డు హోల్డ్ వరకే ఇచ్చి ఫారెక్స్ కార్డుతో కట్టాలని మరికొందరు చెబుతున్నారు. ఏది మేలో అనుభవజ్ఞులు చెప్పగలరు.

కరీంనగర్ నుంచి, దుబాయ్ రాకపోకలున్న వ్యాపారి:

మాస్టారు గారూ, ఫారెక్స్ కార్డుతోనే కట్టండి. విదేశీ ఖర్చు మీద చాలా క్రెడిట్ కార్డులు మూడున్నర శాతం వరకు మార్కప్, అంటే అదనపు రుసుము వేస్తాయి, ఆ మార్కప్ మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది. అరవై వేల బిల్లుకు 2,100, దాని మీద 378, మొత్తం 2,478 రూపాయలు అనవసరంగా పోతాయి. హోల్డ్ అంటే డబ్బు తీసుకోవడం కాదు, లిమిట్‌లో కొంత భాగాన్ని పక్కన పెట్టించడం మాత్రమే కాబట్టి, బిల్లు వేరే కార్డుతో కట్టి హోల్డ్ రద్దు చేయమని కౌంటర్‌లో అడిగితే సరిపోతుంది. నేను ఎప్పుడూ అలాగే చేస్తాను. డెబిట్ కార్డు మాత్రం ఇవ్వకండి. అక్కడ ఆగిపోయేది లిమిట్ కాదు, మీ పెన్షన్ డబ్బే.

కాజీపేట నుంచి:

రద్దు చేయమని అడగటం వేరు, రద్దు కావటం వేరు. హోల్డ్ పెట్టిన కార్డు మీదే బిల్లు ముగిస్తే ఆ హోల్డే ఖర్చుగా మారి, మిగిలింది విడుదలవుతుంది. వేరే కార్డుతో కడితే మొదటి హోల్డ్‌కు, ఈ చెల్లింపుకు సంబంధం ఉండదు. హోటల్ వారు రద్దు సందేశం పంపకపోతే అది దానంతట అదే గడువు తీరేదాకా ఆగాలి. హోటళ్ల విషయంలో ఆ గడువు దాదాపు నెల రోజుల వరకు ఉండవచ్చు. వెంటనే ఇంకో హోటల్‌లో దిగాల్సిన వారికి ఇది చిన్న సమస్య కాదు.

జగిత్యాల నుంచి:

ఆలస్యమైతే బ్యాంకు రోజుకు వంద రూపాయలు పరిహారం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది కదా, ఇంత భయం ఎందుకు?

వరంగల్ నుంచి, బ్యాంకు కార్డుల విభాగంలో పనిచేసినవాడిని:

జగిత్యాల మిత్రులు చెప్పిన నిబంధన 2019 సెప్టెంబరులో వచ్చింది, కానీ అది దేశంలోపల జరిగి విఫలమైన లావాదేవీలకు మాత్రమే వర్తిస్తుంది. విదేశీ హోటల్ పెట్టిన హోల్డ్ విఫలమైన లావాదేవీ కూడా కాదు, అది అనుమతించిన లావాదేవీయే. ఆ పరిహారం మీద ఆశ పెట్టుకొని ప్రయాణం చేయవద్దు.

ఇక అసలు ప్రశ్న. కరీంనగర్ అన్నగారి లెక్క తప్పు కాదు, కానీ ఫారెక్స్ కార్డులో డబ్బు వేసేటప్పుడు కూడా బ్యాంకు తన అమ్మకపు రేటులో కొంత లాభం చూసుకుంటుంది, కరెన్సీ మార్పిడి మీద జీఎస్టీ కూడా ఉంటుంది కనుక 2,478 మొత్తం మిగలదు. అంతకంటే ముఖ్యమైనది మాస్టారి లిమిట్. అద్దె అరవై వేలు, అదనంగా పదిహేను వేలు కలిపి హోటల్ డెబ్బై అయిదు వేలకు హోల్డ్ పెట్టిందనుకుందాం. ఫారెక్స్ కార్డుతో కట్టాక హోల్డ్ తొలగడం ఆలస్యమైతే కౌలాలంపూర్‌లో చేతిలో ఉండేది ఇరవై అయిదు వేల లిమిట్ మాత్రమే. అదే క్రెడిట్ కార్డు మీద బిల్లు ముగిస్తే అరవై వేలు ఖర్చుగా నమోదవుతాయి, ఆ మొత్తాన్ని బిల్లు గడువు దాకా ఆగకుండా ఆ సాయంత్రమే పెన్షన్ ఖాతా నుంచి కార్డుకు కట్టి లిమిట్ వెనక్కి తెచ్చుకోవచ్చు. ఖర్చును కట్టి తీర్చుకోగలం, హోల్డ్‌ను మాత్రం కట్టి తీర్చుకోలేం. అందుకే మాస్టారి పరిస్థితిలో నా ఓటు కాజీపేట వైపే.

అయితే కాజీపేట మిత్రులు చెప్పినంత సాఫీగా ప్రతిసారీ జరగదు. కొన్ని హోటళ్లలో పాత హోల్డ్‌ను పూర్తి చేయడానికి బదులు కార్డును మళ్లీ గీకి కొత్త అమ్మకంగా తీస్తారు. అప్పుడు డెబ్బై అయిదు వేల హోల్డ్, అరవై వేల ఖర్చు రెండూ ఒకేసారి లక్ష లిమిట్ మీద పడి కార్డు తిరస్కరణకు గురవుతుంది. కాబట్టి దిగేటప్పుడు ఇచ్చే చీటీని పారేయవద్దు. దాని మీద ప్రీ-ఆథరైజేషన్ (అంటే హోల్డ్) అని ఉందా, సేల్ (అంటే అమ్మకం) అని ఉందా చూడండి. సేల్ అని ఉంటే అది నిజంగా తీసుకున్న డబ్బు, తిరిగి ఇచ్చేటప్పటి మారకపు రేటు వేరుగా ఉంటుంది. అదే చీటీలో సాధారణంగా ఆరు అక్షరాల అనుమతి కోడ్ ఉంటుంది. వెళ్లేటప్పుడు ఆ కోడ్ చూపించి, దాని మీదే బిల్లు ముగించమని అడగండి. మెషిన్ రూపాయల్లో కట్టమంటే ఒప్పుకోకుండా సింగపూర్ డాలర్లనే ఎంచుకోండి, రూపాయలు ఎంచుకుంటే రేటు వారిష్టం అవుతుంది.

హోల్డ్ ఎంతకూ తొలగకపోతే, అనుమతి కోడ్, మొత్తం, కార్డు చివరి నాలుగు అంకెలు రాసి, ఈ మొత్తం మాకు అవసరం లేదని హోటల్ వారి చేత బ్యాంకుకు ఈమెయిల్ పంపించండి. హోల్డ్ పెట్టగానే బ్యాంకు నుంచి ఖర్చయినట్టే సందేశం వస్తుంది, తొలగినప్పుడు చాలాసార్లు ఏ సందేశమూ రాదు. అందుకని యాప్‌లో మిగిలి ఉన్న లిమిట్‌ను చూసుకోవడమే సరైన పద్ధతి. బయలుదేరే ముందు ఆ యాప్‌లోనే విదేశీ వినియోగాన్ని తెరిచి, దానికి పెట్టిన పరిమితి హోల్డ్ మొత్తం కంటే ఎక్కువ ఉండేలా చూసుకోండి. 2020 అక్టోబరు నుంచి కొత్తగా ఇచ్చే కార్డుల్లో ఆ సదుపాయం మూసే ఉంటుంది, మనమే తెరవాలి. కౌలాలంపూర్‌లో అద్దె కట్టేసినా, విదేశీయుల నుంచి గదికి రాత్రికి పది రింగిట్ల చొప్పున పర్యాటక పన్ను వసూలు చేస్తారు. అది నగదుగా ఇస్తే చాలు.

కరీంనగర్ నుంచి:

సార్, లక్ష లిమిట్ ఉన్న మాస్టారి విషయంలో మీ మాట ఒప్పుకుంటాను, ఖర్చును వెంటనే కట్టేసుకోవచ్చన్న సంగతి నేను ఆలోచించలేదు. నాలుగైదు లక్షల లిమిట్ ఉండి, ఒకే హోటల్‌లో దిగి తిరిగొచ్చే వారికి మాత్రం హోల్డ్ నెల రోజులు నిలిచినా పోయేదేమీ లేదు. వారు మార్కప్ కట్టడంలో అర్థం నాకు ఇప్పటికీ కనిపించడం లేదు.

హన్మకొండ నుంచి:

అందరికీ కృతజ్ఞతలు. సింగపూర్ బిల్లు క్రెడిట్ కార్డుతోనే ముగిస్తాను, ఫారెక్స్ కార్డును భోజనాలకూ మెట్రోకూ ఉంచుకుంటాను. డెబిట్ కార్డు విదేశీ వినియోగం అసలు తెరవను. సార్, చీటీ మీద అనుమతి కోడ్ ముద్రించకపోతే ఎవరిని అడగాలి?

వరంగల్ నుంచి:

మీ బ్యాంకు కస్టమర్ కేర్‌ను అడగండి, ఆ కోడ్ ఇచ్చేది వారే కనుక వారి దగ్గర ఉంటుంది. గది ఖాళీ చేయకముందే అడిగి రాసి పెట్టుకోండి.